నవోదయలో చేరిన మేనకోడలికి

అమ్మాయీ,

పిల్లలు అక్కడే ఉండి చదువుకునే కేంద్ర ప్రభుత్వ బడి నవోదయలో పోస్టింగ్ వచ్చిందనీ, చేరీచేరగానే హౌస్ బాధ్యత, అంటే హాస్టల్‌లో ఒక జట్టు పిల్లల్ని చూసుకునే పని కూడా నెత్తిన పడిందనీ రాశావు. "పాఠం చెప్పడం వచ్చు మామయ్యా, ఇంత తెలివైన పిల్లలకి నీతి ఎలా చెప్పాలి?" అని అడిగావు. చెప్పకు. మైకు ఇచ్చి చూడు, నీకంటే బాగా వాళ్లే చెప్తారు.

వాళ్లు రాసొచ్చిన వంద మార్కుల ప్రవేశ పరీక్షలో సగం మెంటల్ ఎబిలిటీ, మిగతా సగం లెక్కలు, భాష. ఎదుటివాడి కష్టం తెలుసా అన్న ప్రశ్న అందులో లేదు. పెట్టాలనీ అనను, దానికీ కోచింగ్ మొదలెడతారు. సీట్లలో కనీసం 75 శాతం పల్లె పిల్లలవి, మూడో వంతు ఆడపిల్లలవి, ఎస్సీ ఎస్టీలకు రిజర్వేషన్ ఉంది. ఎవరి ఊళ్లో వాళ్లు ఫస్టే. మొదటి యూనిట్ టెస్టు మార్కులు రాగానే ఎవడో ఒకడు పక్కవాణ్ణి "నువ్వు కోటాలో వచ్చావు" అంటాడు. నువ్వు గద్దిస్తే "నిజమే కదా మేడమ్" అంటాడు. తెలివైన పిల్లలతో చిక్కే ఇది. దొరికిపోతే ఏడవరు, వాదనకు దిగుతారు. నోరు మూయించకు. "సరే, రేపు సాయంత్రం ఆ అబ్బాయి తరఫున నువ్వే వాదించాలి" అను. గెలవాలన్న పట్టుదలతోనైనా వాడి ఇంటి సంగతి, వాడి ఊళ్లో బడి ఎలా ఉండేదో అడిగి తెలుసుకుంటాడు.

క్విజ్‌లో రాజ్యాంగం 17వ అధికరణం అనగానే "అంటరానితనం నిషేధం" అని బజర్ నొక్కేవాడే, కొత్త పిల్లాణ్ణి "మీ ఇంటిపేరేంటి?" అని ఆరా తీయొచ్చు. ఎందుకు అడుగుతాడో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇంట్లో పెద్దవాళ్లు అడగ్గా విన్నాడు. పక్కకి పిలిచి "తెలుసుకుని ఏం చేస్తావు?" అని అడుగు. జవాబు నువ్వు అందించకు, ఎంతసేపైనా సరే.

దేవుడి భయం పెట్టి నడిపిద్దామనుకోకు. పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే విద్యాసంస్థలో మతబోధ కూడదని 28వ అధికరణమే చెప్తోంది. రంజాన్‌లో ఉపవాసం ఉండే పిల్లలకి తెల్లవారుజామున అన్నం ఎలా అందించాలో మెస్ కమిటీ పిల్లల్నే కూర్చోబెట్టి తేల్చమను. అందులో నేర్చుకునేది చాలా ఉంది.

అసలు పరీక్ష తొమ్మిదో తరగతిలో. 30 శాతం మంది ఏడాదిపాటు హిందీ రాష్ట్రపు నవోదయకి వెళ్తారు, అక్కడివాళ్లు మన దగ్గరికి వస్తారు. వచ్చిన కుర్రాడు తెలుగు పుస్తకం పట్టుకుని "కళ్లు"ని "కల్లు" అని చదవగానే క్లాసంతా గొల్లుమంటుంది. అందరికంటే గట్టిగా నవ్వినవాణ్ణే వాడికి తెలుగు నేర్పమను. కానీ శిక్షగా వేయకు. శిక్షగా వేస్తే ఆ పిల్లాడే శిక్ష అయిపోతాడు. బదులుగా వాడి దగ్గర హిందీ నేర్చుకోమను. రెండు వారాల తర్వాత వాడి ముందే హిందీలో కథ చెప్పించు.

అలా ఏడాది వెళ్లాల్సినవాళ్ల పేర్లతో మైగ్రేషన్ లిస్టు పెట్టగానే తల్లిదండ్రులు వస్తారు. "మావాడు ఫస్ట్ ర్యాంకు మేడమ్, ఏడాది పాడవుతుంది, పేరు తీసేయించండి" అని బతిమాలతారు. టీ ఇవ్వు, మాట మాత్రం ఇవ్వకు. వెళ్లొచ్చినవాళ్లు పదో తరగతిలో మళ్లీ నీ హౌస్‌కే వస్తే, అప్పుడే దిగిన హిందీ పిల్లల పక్క మంచాలు వాళ్లకే వెయ్యి.

మీ మామయ్య