కైమెరిజం 97 నుంచి 84కు పడిపోయింది, మార్పిడి విఫలమైనట్టేనా?

బాబుకు థలసీమియా (ఎర్ర కణాలు సరిగా తయారుకాని పుట్టుకతో వచ్చే జబ్బు), అక్క దాతగా ఎముక మజ్జ మార్పిడి జరిగింది, మొదటి నెలలో 97 శాతం ఉన్న దాత కణాలు రెండో నెలకు 84కు తగ్గాయి, భయపడాలా అని అడిగారు. రక్తంలో దాత కణాల వాటాను చెప్పే ఈ శాతాన్నే కైమెరిజం అంటారు. నేను డాక్టరును కాను. మా అమ్మాయికి ఇదే జబ్బు, ఇదే చికిత్స. దాత ఆమె తమ్ముడే. మాకూ అంకె ఇలాగే తగ్గింది. డెబ్భైల్లోకి దిగి అక్కడే నిలబడింది. ఆమెకు ఇప్పుడు రక్తం ఎక్కించాల్సిన అవసరం రావడం లేదు. మీ బాబుకూ అలాగే జరుగుతుందని నేను హామీ ఇవ్వలేను. ఆ అంకె దేన్ని కొలుస్తుందో తెలిస్తే మాత్రం మీ భయం సగమైనా తగ్గుతుంది.

ఈ పరీక్షలో చూసేది డీఎన్ఏను. మార్పిడికి ముందే బాబు నుంచి, అక్క నుంచి తీసుకున్న నమూనాల్లో ఇద్దరికీ తేడాగా ఉన్న గుర్తులను ఎంచుకుంటారు. తర్వాత బాబు రక్తంలో ఎవరి గుర్తులు ఎంత ఉన్నాయో లెక్కకడతారు. ఎర్ర రక్త కణాల్లో కేంద్రకం ఉండదు కాబట్టి డీఎన్ఏ కూడా ఉండదు. అంటే మీ చేతిలో ఉన్న 84 తెల్ల కణాల లెక్క. మనకు అసలు కావలసిన ఎర్ర కణాల సంగతి అందులో లేదు!

థలసీమియాలో ఇది చాలా ముఖ్యం. పిల్లల సొంత మజ్జలో తయారయ్యే ఎర్ర కణాల్లో చాలా భాగం ముదరకముందే అక్కడే చనిపోతాయి. దాత కణాల నుంచి వచ్చినవి బతికి రక్తంలోకి చేరతాయి. అందుకే తెల్ల కణాల్లో దాత వాటా 20, 30 శాతానికి తగ్గి అక్కడే స్థిరపడినవాళ్లలో కూడా రక్తం ఎక్కించకుండా గడిచిపోతున్నవారున్నారు. రక్త క్యాన్సర్ అయిన లుకేమియాలో పరిస్థితి వేరు. అక్కడ తిరిగొచ్చే సొంత కణాలు జబ్బువే కావచ్చు కాబట్టి చిన్న తగ్గుదలను కూడా తీవ్రంగా తీసుకుంటారు. వాట్సాప్ గ్రూపుల్లో రెండు జబ్బుల రిపోర్టులను పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. ఆ పోలికలు మీరు చదవకండి.

అలాగని తేలిగ్గా తీసుకునే విషయమూ కాదు. ఇటలీలోని పెసారో కేంద్రం వాళ్లు థలసీమియా పిల్లలను ఏళ్ల తరబడి గమనించి చెప్పింది ఇది: మొదటి రెండు నెలల్లో సొంత కణాలు 10 శాతం లోపు ఉంటే తిరస్కరణ ముప్పు తక్కువ, 25 శాతం దాటితే చాలా ఎక్కువ. మీ బాబుకు 16 శాతం, అంటే మధ్యలో ఉన్నాడు. దగ్గరగా గమనించాల్సిన దశ ఇది. మూడో రిపోర్టు వస్తే గానీ దిశ తెలియదు.

ఆ రిపోర్టు కూడా అదే ల్యాబులో చేయించండి. మాకు ఒకసారి నమూనా వేరే ల్యాబుకు వెళ్లింది. పద్ధతి వేరు కావడంతో పాత అంకెతో పోల్చడానికి వీల్లేకపోయింది. ఒకే ల్యాబులో కూడా రెండు మూడు శాతం అటూ ఇటూ కావడం మామూలే. టీ కణాలను (రోగనిరోధక పని చేసే ఒక రకం తెల్ల కణాలను) విడిగా చూడాలా అని కూడా అడగండి. మార్పిడికి ముందు ఇచ్చే కీమోను తట్టుకుని మిగిలిన సొంత టీ కణాలు చాలాకాలం బతుకుతాయి. దాత కణాలను తిప్పికొట్టేవి ముఖ్యంగా అవే. మొత్తం రక్తంలో 84 అన్నప్పుడు, ఆ సొంత కణాలు ఏ రకానివో డాక్టరుకు తెలియాలి.

రోగనిరోధక శక్తిని అణచి ఉంచే మందు సైక్లోస్పోరిన్‌ను మీ అంతట మీరు మార్చవద్దు. అంకె తగ్గినప్పుడు ఒక బిడ్డకు మందు కొనసాగించమంటారు, మరో బిడ్డకు తగ్గించమంటారు. జీవీహెచ్‌డీ (దాత కణాలు బిడ్డ శరీరంపై దాడి చేయడం) ఉందా, రక్తంలో మందు స్థాయి ఎంత అన్నదాన్ని బట్టి అది మారుతుంది. వాంతులైనా, కొత్త యాంటీబయాటిక్ మొదలుపెట్టినా ఆస్పత్రికి చెప్పండి. రక్తంలో మందు స్థాయి అలాంటప్పుడే తారుమారవుతుంది.

ఇంకొక సంగతి. అక్కకు థలసీమియా మైనర్ (జబ్బు లేకుండా దాని జన్యువు మాత్రం ఉండటం) ఉందా? మా అబ్బాయికి ఉంది. అందుకే అమ్మాయి హిమోగ్లోబిన్ పది, పదకొండు దగ్గరే ఆగింది, మైనర్‌లో పెరిగే ఏ2 రకం హిమోగ్లోబిన్ కూడా ఎక్కువే చూపిస్తుంది. అంటే తమ్ముడి రక్తం ఎలా ఉంటుందో ఆమెదీ అలాగే ఉంది. ఇది తెలియని ఒక డాక్టరు జబ్బు తిరగబెట్టిందేమో అని మమ్మల్ని హడలగొట్టారు. (రక్తంలో మగవారికి ఉండే వై క్రోమోజోమ్ కనిపించిందని తెలిసి మా బంధువులు అడిగిన ప్రశ్నలు ఇక్కడ రాయను. రక్త కణాలు తమ్ముడివి, పిల్ల పిల్లే!)

రక్తం ఎక్కించే విరామాలు మళ్లీ దగ్గరవుతున్నా, హిమోగ్లోబిన్ వరుసగా పడిపోతున్నా, ఎఫ్ హిమోగ్లోబిన్ (పుట్టకముందు ఉండే రకం) పెరుగుతున్నా తర్వాతి పరీక్ష తేదీ వరకు ఆగకండి, వెంటనే చూపించండి. మూడో రిపోర్టు వచ్చాక చివరిసారి రక్తం ఎక్కించిన తేదీ, అప్పటి హిమోగ్లోబిన్ కూడా కలిపి రాయండి. ఆ రెండూ లేకుండా శాతం ఒక్కటే చెబితే నేనే కాదు, మీ డాక్టరు కూడా ఏమీ చెప్పలేరు.