సూది వేసుకున్నాక చూపిన మర్యాద

"ముక్కూమొహం తెలియనివాళ్లు మన ఆరోగ్యం మీద సలహాలిస్తుంటే ఎలా వేగాలి?" అని అడిగారు. వేగడం సంగతి తర్వాత. ముందు ఒక్కటి చెప్తాను: వివరించకండి. మీ జబ్బేమిటో, ఎందుకొచ్చిందో, ఏ మందు వాడుతున్నారో పరాయివాళ్లకి విడమరిచి చెప్పే పని పెట్టుకోకండి. పొగరనుకుంటే అనుకోండి. వివరించబోయి నేనొకసారి స్పృహ తప్పే అంచుదాకా వెళ్లొచ్చాను.

నాకు టైప్ 1 డయాబెటిస్. 11వ ఏట వచ్చింది, ఇప్పుడు 32. రోజుకి నాలుగు సూదుల లెక్కన ఇప్పటికి 30 వేలు దాటాయి. అన్ని సూదుల్లో ఏ ఒక్కటీ సలహాలంత నొప్పి పెట్టలేదు.

ఆ రోజు రైల్లో ఉన్నాను, రాత్రి భోజనం వేళ. డబ్బా మూత తీసి ఒళ్లో పెట్టుకుని, చొక్కా అంచు కాస్త పైకి లాగి పొట్టలో ఇన్సులిన్ పెన్నుతో ఎనిమిది యూనిట్లు వేసుకున్నాను. అందరి ముందూ ఎందుకు, బాత్రూంలోకి వెళ్లి వేసుకోవచ్చుగా అంటారు కొందరు. రైలు బాత్రూంలో మిమ్మల్ని భోంచేయమంటే చేస్తారా? ఈ సూది నాకు భోజనంలో భాగం. సరే, ఆ గొడవ ఇంకోసారి.

ఎదుటి సీటులో అరవై దాటిన పెద్దాయన. పెన్ను మూత పెట్టేలోపే మొదలుపెట్టాడు.

"ఏమ్మా, ఇన్సులినా అది? ఈ వయసులో షుగరేంటి?"

చిన్నప్పుడే వచ్చిందండీ అన్నాను. అక్కడితో ఆపి తినాల్సింది. పెద్దాయన మాట్లాడుతుంటే ముద్ద నోట్లో పెట్టుకోవడం బాగోదనిపించి ఆగాను. అదే నేను చేసిన తప్పు.

"మాకు తెలిసినాయన సూది మానేసి ఏదో పొడి వాడాడు. ఆర్నెల్లలో మాయం! సూది అలవాటు చేసుకుంటే ఇక జన్మలో వదలదమ్మా. నోరు కట్టేసుకో, అదే పోతుంది."

నాకు తిక్క రేగింది. తిక్క రేగితే నేను పాఠం చెప్తాను, అదో జబ్బు. నా ఒంట్లోని రక్షణ వ్యవస్థే పాంక్రియాస్‌లో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్ని శత్రువులనుకుని చంపేసిందనీ, తీపి తిన్నా తినకపోయినా ఇది వచ్చేదేననీ, సూది మానేస్తే ఒకటి రెండు రోజుల్లో రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పేరుకుని ఆస్పత్రిపాలవుతాననీ చెప్పాను. "అవన్నీ మందుల కంపెనీల కథలమ్మా" అన్నాడు.

దాంతో చరిత్రలోకి దిగాను. నోరు కట్టేసుకోవడమనేది 1922కి ముందు నిజంగానే ఉన్న వైద్యం అని చెప్పాను. ఈ జబ్బొచ్చిన పిల్లల్ని డాక్టర్లే ఆకలితో మాడ్చేవారు, ఇంకో కొన్ని నెలలు ప్రాణం నిలుస్తుందని. ఆ ఏడాది జనవరి 11న టొరంటోలో లెనర్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల పిల్లవాడికి మొట్టమొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అప్పటికి వాడి బరువు 30 కిలోలు కూడా లేదు. మొదటి మందు సరిగా శుద్ధి కాక పెద్దగా పనిచేయలేదు. 12 రోజుల తర్వాత శుద్ధిచేసింది ఇస్తే లేచి నిలబడ్డాడు, మరో 13 ఏళ్లు బతికాడు. ఇదంతా ఊగిపోతూ చెప్పాను. ఆయన తలూపుతున్నాడు. మూత తీసిన డబ్బా నా ఒళ్లో అలాగే ఉంది.

భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్ పావుగంటలో షుగర్‌ని దించే పని మొదలుపెడుతుంది. తిన్నామా, ఎదుటివాళ్ల మీద గౌరవంతో ఆగామా అన్నది దానికి పట్టదు.

ముందు పెదవుల చుట్టూ తిమ్మిరి వచ్చింది. తర్వాత, నెత్తిమీద ఫ్యాను తిరుగుతున్నా, మెడ వెనక చెమట. ఆయన మాటలు వినిపిస్తున్నాయి గానీ అర్థం కావట్లేదు. వేలు గుచ్చి చూస్తే 51. 70కి దిగువకొస్తే షుగర్ పడిపోయినట్టు, 54కి దిగువకొస్తే ప్రమాదం. డబ్బాలోది తిని, అది అరిగి రక్తంలో కలిసేదాకా ఆగే సమయం లేదు. సంచిలోంచి గ్లూకోజ్ బిళ్లల గొట్టం తీశాను. చేతులు వణికి మూత రావట్లేదు.

ఆయన ముందుకు వంగి గొట్టం నా చేతిలోంచి లాక్కున్నాడు.

"పిచ్చిపిల్లా! షుగరు పెట్టుకుని గ్లూకోజ్ తింటావా? ఇంతసేపూ నేను చెప్పిందేంటి?"

"నోర్మూసుకుని ఇవ్వవయ్యా!" అని అరిచాను. మా నాన్న వయసు మనిషిని. షుగర్ పడిపోయినప్పుడు కోపం, చిరాకు కూడా లక్షణాలే, కానీ ఆ సంగతి పెట్టెలో ఎవరికి తెలుసు? పక్క సీటులోని కాలేజీ కుర్రాడు ఏమనుకున్నాడో, ఏమీ అడక్కుండా ఆయన చేతిలోంచి గొట్టం తీసుకుని, మూత తిప్పి నా అరచేతిలో నాలుగు బిళ్లలు పోశాడు. నమిలాను. సుమారు 15 గ్రాముల చక్కెర తిని, 15 నిమిషాలు ఆగి, మళ్లీ చూసుకోవడం పద్ధతి. ఆ పావుగంటలో అటువైపు నుంచి ఓ ఆవిడ గొంతు వినిపించింది: "చిన్నా పెద్దా లేదు, ఎంత పొగరో!" బదులివ్వడానికి నాలుక తిరగలేదు. మళ్లీ చూస్తే 83. అప్పుడు తిన్నాను, చల్లారిపోయిన భోజనం.

లైట్లు ఆర్పేశాక, చాలాసేపటికి, చీకట్లో ఆయనే అన్నాడు. "మా అన్నయ్యకి కాలు తీసేశారమ్మా. షుగరే."

ఏమనాలో తెలియలేదు. "అయ్యో" అన్నాను. తెల్లారుతుండగా ఆయన స్టేషనొచ్చింది. చెప్పులు వెతుక్కుంటూ నా వైపు తిరిగి, "వస్తానమ్మా. తీపి మాత్రం కాస్త తగ్గించు" అన్నాడు. అలాగేనండీ అన్నాను.

ఆ రాత్రి నుంచి నాది ఒకటే పద్ధతి. ఎవరైనా మొదలుపెట్టగానే "మీ ఇంట్లో ఎవరికుందండీ?" అని అడుగుతాను. ఒక్క క్షణం తడబడతారు. ఆ తర్వాత వాళ్ల అమ్మ కళ్లు, వాళ్లాయన కిడ్నీ, వాళ్లకే నిరుడు వచ్చిన రిపోర్టు, అన్నీ బయటికొస్తాయి. వాళ్లు చెప్తుంటే నేను నిక్షేపంగా తినేస్తాను. 21 ఏళ్ల అనుభవంతో అంటున్నా, ఊరికే సలహా చెప్పేవాళ్లు లేరు. ఎవర్ని కదిపినా లోపల ఓ రోగి ఉంటాడు. కాదని ఎవరైనా వాదిస్తే నేనొప్పుకోను.

అసలు ఈ గొడవలో సగం తప్పు పేరుది. "షుగర్" అని పేరు పెట్టాక ఎవడైనా తీపి మానేయమనే అంటాడు. టైప్ 1, టైప్ 2 అనే రెండు వేర్వేరు జబ్బులకి ఒకే పేరు తగిలించి, ఆ పేరు కూడా వంటింట్లోంచి తెచ్చి పెట్టారు. ఇక్కడ నా తప్పు కూడా ఒకటుంది. చాలా ఏళ్లు "నాది ఆ రకం కాదండీ, తిండి వల్ల వచ్చింది కాదు" అని తప్పించుకునేదాన్ని. అంటే టైప్ 2 ఉన్నవాళ్లు తినే తెచ్చుకున్నారని చెప్పకనే చెప్పినట్టు. వాళ్లలోనూ వంశపారంపర్యం ఎంతో ఉంటుంది. సన్నగా ఉన్నవాళ్లకీ వస్తుంది. నా మీద రాయి పడకుండా పక్కవాళ్ల మీదికి తోసేశానన్నమాట. ఇప్పుడు ఆ మాట అనడం మానేశాను.

ఇంకో సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నాకు జబ్బు బయటపడే ముందు కొన్ని వారాలపాటు బిందెలకొద్దీ నీళ్లు తాగేదాన్ని, రాత్రి నాలుగైదుసార్లు లేచేదాన్ని, గౌను భుజాల మీంచి జారిపోయేది. అప్పుడు మాత్రం అందరూ మెచ్చుకునేవాళ్లే. "ఒళ్లు తగ్గి చక్కగా ఉన్నావే" అన్నారు, "నీళ్లు బాగా తాగుతుంది, మంచి అలవాటు" అన్నారు. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, ఉన్నట్టుండి బరువు తగ్గడం: మూడూ కళ్లెదుటే ఉన్నాయి. రక్తపరీక్ష చేయించమని సలహా ఇచ్చిన పరాయి మనిషి ఒక్కరు లేరు. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి నాకు మెలకువ లేదు.

అందుకే కాబోలు, మొన్న వేసవిలో నేనూ ఆ పని చేశాను. బస్సులో ముందు సీటులో ఐదారేళ్ల పిల్లాడు. గంటలో రెండు సీసాల నీళ్లు తాగేశాడు. బస్సు ఆగిన ప్రతిచోటా వాళ్లమ్మని లాక్కుని దిగాడు. నిక్కరు నిలవక చేత్తో పట్టుకుంటున్నాడు. చెప్పాలా వద్దా అని చాలాసేపు కొట్టుకులాడి, చివరికి ఆవిడ భుజం తట్టి, "ఏమీ అనుకోకండి, బాబుకి ఒకసారి షుగర్ పరీక్ష చేయిస్తారా" అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "మా వాడికేం రోగం? అసలు మీరెవరు?"

నా చేతికున్న, షుగర్ కొలిచే సెన్సర్ చూపించి మొత్తం కథ చెబుదామని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. పిల్లాడు సీటు సందులోంచి నన్ను చూస్తూ సీసా మూత తిప్పుతున్నాడు. ఎండలు మండిపోతున్న రోజులు, ఉత్త దాహమే అయ్యుంటుంది.