"దేవుడు నన్ను మరచిపోయాడా" అని అడగడం పాపమా?

వందనాలు సిస్టర్. ఎంత ప్రార్థించినా జవాబు రాక "దేవుడు నన్ను మరచిపోయాడేమో" అన్నారనీ, అది అవిశ్వాసమని సంఘంలో ఒకరు గద్దించారనీ రాశారు. ఆ టెన్షన్ వదిలేయండి. 13వ కీర్తన మొదలయ్యేదే ఈ ప్రశ్నతో. దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు కదా!

యెషయా 49:14 నుంచి 16 వరకు నెమ్మదిగా చదవండి. సీయోను, అంటే యెరూషలేము, కూడా సరిగ్గా మీ మాటే అంటుంది. దేవుడు కోప్పడలేదు. తల్లి తన చంటిబిడ్డను మరచినా నేను నిన్ను మరువను, నా అరచేతుల మీద నిన్ను చెక్కుకున్నాను అన్నాడు. నన్ను ఎక్కువగా పట్టుకునేది ఆ తర్వాతి మాట: నీ ప్రాకారాలు ఎప్పుడూ నా ఎదుటే ఉన్నాయి. క్రీ.పూ. 586లో బబులోను సైన్యం యెరూషలేము ప్రాకారాలను పడగొట్టింది. మనుషులకు శిథిలాలే కనిపించే చోట ఆయన కళ్ల ముందు గోడలున్నాయి!

అయితే ఒకటి దాచకుండా చెప్పాలి. పర్షియా రాజు కోరెషు యూదులను బబులోను చెర నుంచి వెళ్లనిచ్చాక కూడా ఆ గోడలు లేవడానికి, వాటిని తిరిగి కట్టించిన నెహెమ్యా కాలం వరకు, దాదాపు తొంభై ఏళ్లు పట్టింది. కాబట్టి "వచ్చే నెలకల్లా జవాబు గ్యారంటీ" అనే వాళ్లను నమ్మకండి. ఈ వారం 13వ కీర్తననే మీ ప్రార్థనగా బయటికి చదవండి, "ఎంతకాలం" అన్న ప్రశ్నతో సహా.