నొప్పి దిగిన వెంటనే వినాలి

చెల్లీ,

లేబర్ రూమ్ డ్యూటీ నీకు కొత్త కదా, అందుకే ఇది రాస్తున్నాను. కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినిపించే డాప్లర్ యంత్రం చూపించిన అంకె కేసు షీటులో రాసేసి ఊరుకోకు.

ముందు పొట్ట తడిమి బిడ్డ వీపు ఎటుందో పట్టుకో. తల కిందికుంటే గుండె చప్పుడు తల్లి బొడ్డుకి దిగువన, వీపు ఉన్న పక్కనే బాగా వినిపిస్తుంది. అది దొరికాక రెండో చేత్తో తల్లి మణికట్టు పట్టుకుని నాడి చూడు. రెండూ ఒకే వేగంతో కొట్టుకుంటుంటే నువ్వు వింటున్నది తల్లి చప్పుడే కావచ్చు, పొట్ట మీద ఆనించిన డాప్లర్ ప్రోబ్ జరిపి మళ్లీ వెతుకు. జ్వరంతో, భయంతో తల్లి నాడి 120 దాకా పోతుంది. దాన్నే బిడ్డదనుకుంటే, లోపల బిడ్డ ప్రాణం పోయినా తెలియదు. జెల్ చాలకపోయినా, బ్యాటరీ నీరసించినా డాప్లర్ అంకెను నమ్మలేం. చెవితో నేరుగా వినే గొట్టం, ఫీటోస్కోప్, పక్కనే ఉంచుకో.

పొట్ట గట్టిపడినప్పుడు మాయకి రక్తం తగ్గుతుంది. గట్టి బిడ్డ తట్టుకుంటుంది. అలసిన బిడ్డకైతే నొప్పి దిగాక కూడా గుండె నెమ్మదిగానే కొట్టుకుంటుంది. అందుకే చెయ్యి పొట్ట మీదే ఉంచి, మెత్తబడగానే నిండా ఒక నిమిషం విను. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే ఆ తగ్గడం, తేరుకోవడం నీకు అందవు. నొప్పులు జోరందుకున్నాక అరగంటకోసారి, ముక్కే దశలో 5 నిమిషాలకోసారి వినాలి. ముక్కేటప్పుడు చుట్టూ అందరూ కేకలేస్తారు, వినడం మర్చిపోయేది సరిగ్గా అప్పుడే.

బిడ్డ గుండె వేగం నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉండాలి. తగ్గితే తల్లిని ఎడమ పక్కకి తిప్పు, నొప్పులు పెంచే ఆక్సిటోసిన్ మందు ఎక్కుతుంటే ఆపు, బీపీ చూడు, బొడ్డుతాడు జారిందేమో లోపల పరీక్ష చెయ్యి. డాక్టరు గారికి అప్పుడే కబురు పెట్టు. ఆ తర్వాత వరసగా మూడు నొప్పులకీ విను. 160 దాటితే తల్లి ఒళ్లు కాలుతోందేమో, నీళ్లు తాగిందో లేదో కూడా చూడు. తాడు చేతికి తగిలితే లాగకు, లోపలికి తొయ్యకు. వేళ్లతో బిడ్డ తలను పైకి ఎత్తి పట్టుకుని, తల్లిని మోకాళ్ల మీద వంచు.

ఉమ్మనీరు పోగానే కూడా ఓసారి విను. తెల్ల గుడ్డ మీద రంగు చూడు. ఆకుపచ్చగా, చిక్కగా ఉంటే బిడ్డ లోపలే మలం వదిలిందన్నమాట.

మందస కొండ ఊళ్ల నుంచి టెక్కలి ఆసుపత్రికి చేరేసరికి ఎంతసేపవుతుందో నీకు తెలుసు. రెండోసారీ చప్పుడు బాగోకపోతే 108కి ఫోన్ చెయ్యి, మూడో నొప్పి దాకా ఆగొద్దు. రిఫరల్ చీటీలో చివరి మూడు లెక్కలూ టైముతో సహా రాయి. నీరు ఎప్పుడు పోయింది, ఏ రంగు, ఏ మందు ఎప్పుడు ఇచ్చావు, ఇవీ రాయి. అక్కడి డాక్టరమ్మ ముందు చూసేది వాటినే.

అప్ప