థర్మోస్టాట్ దగ్గర మాత్రం పొదుపు వద్దు

ప్రశ్న: లెపర్డ్ గెకోను (ఒంటి మీద మచ్చలుండే పెంపుడు బల్లి) పెంచుతానని మా అబ్బాయి పట్టుబట్టాడు. సామాన్ల జాబితా చూస్తే టెన్షన్‌గా ఉంది. ఖర్చు ఎక్కడ తగ్గించుకోవచ్చు?

జవాబు: తొట్టి పాతది కొనండి, ఏం ఫర్వాలేదు. పలచటి బ్లీచ్ నీళ్లతో కడిగి, వాసన పూర్తిగా పోయేదాకా నీళ్లతో తొలిచి ఆరబెట్టండి. అడుగున ఇసుక అక్కర్లేదు, పేపర్ టవల్స్ చాలు. నేనైతే మిగిలిపోయిన గరుకు టైల్స్ వేశాను. వేడిని బాగా పట్టి ఉంచుతాయి, తుడవడం తేలిక.

దాక్కునే గూడు కూడా కొననక్కర్లేదు. ఐస్‌క్రీమ్ డబ్బాకు ద్వారం కోసి, అంచులు నున్నగా చేసి, లోపల తడి టిష్యూ పెట్టండి. కుబుసం విడిచేటప్పుడు ఈ తడి చాలా ముఖ్యం. వేళ్ల చుట్టూ పాత చర్మం బిగుసుకుంటే రక్తం ఆడక వేళ్లే పోతాయి.

థర్మోస్టాట్ (వేడిని అదుపులో ఉంచే పరికరం), ప్రోబ్ (వేడిని కొలిచే తీగ) ఉన్న డిజిటల్ థర్మామీటర్ మాత్రం కొత్తవే కొనండి. మొదట్లో నేను థర్మోస్టాట్ లేకుండా హీట్ మ్యాట్ (తొట్టిని వేడిచేసే కరెంటు పరుపు) వాడితే మా గెకో పొట్ట కాలింది. ఆ మచ్చ చూసినప్పుడల్లా ఇప్పటికీ నాకు బాధే. వెచ్చటి చోట నేల దాదాపు 32 డిగ్రీలు ఉంటే సరిపోతుంది. యూవీబీ (ఒక రకం అతినీలలోహిత కిరణాలు) లైటు పెడితే వాడేసినది తీసుకోకండి. వెలుగు మామూలుగానే కనిపిస్తుంది గానీ, యూవీబీ ఎప్పుడో తగ్గిపోయి ఉంటుంది.

గెకోకు ఆహారంగా వేసే పురుగులకు మీ వంటింటి క్యారెట్ ముక్కలే మేత. గెకోకిచ్చే కాల్షియం పొడి మాత్రం మానకండి, మానితే దాని ఎముకలు మెత్తబడిపోతాయి.