మా బావ గిటార్ నా చేతికి లొంగడం లేదు

ప్రశ్న: నమస్తే సార్. మాది తిరుపతి, భవానీ నగర్. నాలుగేళ్లుగా స్ట్రాటోకాస్టర్ మోడల్ గిటార్ వాయిస్తున్నాను, పెళ్లి ఆర్కెస్ట్రాలకు కూడా వెళ్తుంటాను. మొన్న బెంగళూరు నుంచి మా బావ వచ్చినప్పుడు తన లెస్‌పాల్ మోడల్ గిటార్ నాకే ఇచ్చేశాడు. మంచి గిటార్ అని పట్టుకోగానే తెలుస్తోంది, కానీ వాయించబోతే నాకసలు గిటారే రానట్టుంది. తీగ గుంజితే శ్రుతి దాటిపోతోంది, చిటికెన వేలికి వాల్యూమ్ అందడం లేదు, గంట సేపు నిలబడితే ఎడమ భుజం లాగేస్తోంది. రెండిటికీ వేసింది 9 నంబరు తీగలే (మొదటి తీగ మందం అంగుళంలో వెయ్యింట 9 వంతులు). వచ్చే నెలలో రెండు ప్రోగ్రాములున్నాయి. ఇది అలవాటవుతుందా, లేక బావకు తిరిగి ఇచ్చేయమంటారా?

జవాబు: ఇచ్చేయొద్దు తమ్ముడూ. కనీసం ఒక నెల ఆగు.

నువ్వు రాసిన ఇబ్బందులు ఒక్కోటి ఒక్కో కారణం వల్ల వస్తున్నాయి. అన్నిటినీ ఒకే మూటలో కట్టి 'నాకు రావడం లేదు' అనుకుంటున్నావు కాబట్టి భయం వేస్తోంది. ముందు ఒక సంగతి తేల్చుకో: ఏది గిటార్ తయారీలోనే ఉన్న తేడా, ఏది మీ బావ తన చేతికి తగ్గట్టు పెట్టుకున్న సెట్టింగ్. మొదటిదైతే నీ చెయ్యి మారాలి. రెండోదైతే గిటార్‌నే మార్చాలి. ఈ రెండూ విడదీసుకోక, ఎత్తుగా ఉన్న తీగలతో నెలల తరబడి కుస్తీ పట్టి చివరికి గిటారే మానేసిన పిల్లలు నాకు తెలుసు, వాళ్లు గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

తయారీ తేడా ముందు చెప్తాను. స్ట్రాట్‌లో మెడ కొసన తీగలు ఆనే నట్ నుంచి, కింద గిటార్ ఒంటి మీద తీగలు ఆనే బ్రిడ్జ్ దాకా మోగే తీగ పొడవు 25.5 అంగుళాలు, లెస్‌పాల్‌లో సుమారు 24.75. ఆ ముప్పావు అంగుళం మెడ పొడవునా పంచుకుపోతుంది, అందుకే కంటికి కనపడదు, చేతికే తెలుస్తుంది. మొదటి నాలుగు ఫ్రెట్లలో (మెడ మీది లోహపు మెట్లు) నీ వేళ్లు దాదాపు 4 మిల్లీమీటర్లు తక్కువ చాచితే చాలు. పన్నెండో ఫ్రెట్‌కు వచ్చేసరికి నట్ నుంచి లెక్కేస్తే దాదాపు ఒక సెంటీమీటరు ముందే వచ్చేస్తుంది. నాలుగేళ్లుగా చూడకుండా పట్టుకుంటున్న చోటు అంత జరిగితే చెయ్యి తడబడదా?

ఇక తీగ గుంజడం. అవే 9 నంబరు తీగలు, అదే శ్రుతి అయినా పొడవు తగ్గినందువల్ల లెస్‌పాల్‌లో బిగువు దాదాపు 6 శాతం తక్కువ ఉంటుంది. అది సగం కారణమే, మిగతా సగం నీ పాత గిటార్ బ్రిడ్జ్‌లో ఉంది. స్ట్రాట్‌లో ట్రెమొలో బ్రిడ్జ్ స్ప్రింగుల మీద ఆని ఉంటుంది. దాన్ని తేలేటట్టు పెట్టుకుంటే, నువ్వు తీగ గుంజినప్పుడల్లా అది కూడా కాస్త ముందుకు వాలి నువ్వు గుంజినదాంట్లో కొంత తినేస్తుంది. అందుకని ఇన్నాళ్లూ నీకు తెలియకుండానే అవసరానికి మించి గుంజడం నేర్చుకున్నావు. లెస్‌పాల్ బ్రిడ్జ్ కదలదు, గుంజిందంతా శ్రుతికే పోతుంది. అంటే నీ చెవి బాగానే ఉంది, చెయ్యి పాత లెక్కలో ఉంది, అంతే.

ఇది నాకూ జరిగింది. చాలా ఏళ్ల కిందట చిత్తూరులో ఒక పెళ్లికి నా గిటార్ రిపేర్‌లో ఉండి, స్నేహితుడి లెస్‌పాల్ అడిగి పట్టుకెళ్లి, ఇంటి దగ్గర ఒక్క అరగంట వాయించి స్టేజీ ఎక్కాను. పల్లవి తర్వాత వచ్చే బిట్‌లో మొదటి గుంజుడే పావు స్వరం పైకి పోయింది. కీబోర్డు అతను ఏమీ అనలేదు, తల తిప్పి ఒక్కసారి నా చేతి వైపు చూశాడు. ఆ చూపు తర్వాత మిగతా రాత్రంతా గుంజాల్సిన చోటల్లా నేరుగా ఫ్రెట్లు నొక్కి గట్టెక్కాను, ఆ పాటలకు అన్యాయం చేశానన్న బాధ చాన్నాళ్లు ఉండిపోయింది.

కాబట్టి రోజూ పొద్దున ఈ ఒక్క పని చెయ్యి. ఫోన్‌లో తంబూరా ఆప్ తెరిచి 3 శ్రుతి పెట్టు. మూడో తీగ మీద తొమ్మిదో ఫ్రెట్ నొక్కి మోగించు, తంబూరాతో కలిసిపోతుంది. ఇప్పుడు అదే తీగ మీద ఏడో ఫ్రెట్ నొక్కి, గుంజుతూ ఆ శ్రుతికి తీసుకెళ్లు. అందగానే ఆపు, అక్కడే నాలుగు లెక్కలు నిలిపి మెల్లగా దించు. తంబూరాతో కలవనప్పుడు గాలిలో ఒక అల కొట్టుకుంటున్నట్టు వినిపిస్తుంది, కలుస్తున్నకొద్దీ ఆ అల నెమ్మదించి ఆగిపోతుంది, ఆ ఆగిపోయే చోటే నీకు కావలసింది. ఇరవై సార్లు చాలు. మొదటి వారం పాత గిటార్ ముట్టుకోవద్దు, రెండో వారం నుంచి రెండూ పక్కపక్కన పెట్టుకుని మార్చి మార్చి వాయించు. ఆర్కెస్ట్రా వాళ్లకు ఏ గిటార్ చేతికిస్తే దానికి తగ్గట్టు మారగలగడం కూడా రావాలి, అది మార్చి వాయిస్తేనే వస్తుంది.

బిగువు తక్కువగా ఉందని ఇప్పుడే 10 నంబరు తీగలు వేసేయకు. 9 నుంచి 10కి వెళ్తే మొదటి తీగ బిగువు దాదాపు 23 శాతం పెరుగుతుంది, నువ్వు ఎదుర్కొంటున్న తేడా 6 శాతమే. ఒక నెల తర్వాత కూడా వదులుగానే అనిపిస్తే అప్పుడు వేసుకో, చాలామందికి లెస్‌పాల్ మీద 10 నంబరే నచ్చుతుంది.

ఇప్పుడు సెట్టింగ్ సంగతి. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎంత ఎత్తులో ఉందో చూడు. అక్షరాలు ఉబ్బెత్తుగా లేని ఏటీఎం కార్డులు రెండు ఒకదాని మీద ఒకటి పెడితే ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉంటాయి. ఫ్రెట్ మీద వాటిని పెట్టి మొదటి తీగ కిందికి జరిపితే, తీగను కదిలించకుండా తేలిగ్గా దూరి ఇంకా బోలెడంత ఖాళీ ఉంటే తీగ ఎత్తెక్కువని అర్థం. బ్రిడ్జ్ రెండు వైపులా ఉన్న చక్రాలు కొద్దికొద్దిగా తిప్పి దించుకోవచ్చు, ముందు తీగలు కాస్త వదులు చెయ్యి. తర్వాత మెడ వంపు: మొదటి ఫ్రెట్, చివరి ఫ్రెట్ రెండూ ఒకేసారి నొక్కిపెట్టి ఏడెనిమిది ఫ్రెట్ల దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు చూడు. 10 నంబరు తీగ ముక్క ఒకటి అందులో పట్టీపట్టనట్టు దూరితే మెడ బాగున్నట్టే. సందు మరీ ఎక్కువున్నా, అసలే లేకున్నా మెడ లోపల ఉండే లోహపు కడ్డీ, ట్రస్‌ రాడ్, తిప్పాలి, అది ఒకసారికి పావు చుట్టు మించకూడదు, అలవాటు లేకపోతే తెలిసినవాళ్ల చేతే చేయించు. నాకు తెలిసిన ఒకాయన గిటార్‌కు ఆ రాడ్ బలవంతంగా తిప్పి పాడుచేసి చేతులు దులుపుకున్న షాపు ఉంది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

మెడ మీద వేళ్లు నొక్కే పలక వంపు కూడా తేడాగా తోచి ఉంటుంది. స్ట్రాట్ తయారుచేసే ఫెండర్ కంపెనీ పాతకాలపు గిటార్లలో ఆ వంపు వ్యాసార్ధం 7.25 అంగుళాలు, ఇప్పటివాటిలో ఎక్కువగా 9.5, లెస్‌పాల్ తయారుచేసే గిబ్సన్‌లో 12. అంకె పెరిగేకొద్దీ పలక చదును. చదునుగా ఉంటే గుంజినప్పుడు స్వరం మధ్యలో చచ్చిపోదు, తీగలన్నిటినీ ఒకే వేలితో అదిమే బారె కార్డ్ పట్టేటప్పుడు మాత్రం చూపుడు వేలు మొదట్లో కొంచెం ఇబ్బంది పడుతుంది. దీనికి వేరే సాధన అక్కర్లేదు.

చిటికెన వేలి సంగతి దాచకుండా చెప్తాను, లెస్‌పాల్‌లో ఆ పని కుదరదు. స్ట్రాట్‌లో వాల్యూమ్ మొదటి తీగ పక్కనే ఉంటుంది, ఇందులో కింద దూరంగా ఉంది, పికప్ (తీగ మోతను కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం) మార్చే స్విచ్ పైన మెడ దగ్గరుంది. వీటితో పోట్లాడకు. వాల్యూమ్ 7 దగ్గర పెట్టి, మీట మెత్తగా, గట్టిగా వేయడంలోనే హెచ్చుతగ్గులు చూపించు. ఆ వేలిని పిక్‌గార్డ్ మీద ఆన్చే అలవాటుంటే అదీ ఇబ్బందే, లెస్‌పాల్‌లో తీగలు ఒంటికి ఎత్తుగా ఉంటాయి. అరచెయ్యి అంచును బ్రిడ్జ్ మీద తేలిగ్గా ఆనించి చూడు.

భుజానికి మూడంగుళాల వెడల్పు స్ట్రాప్ కొనుక్కో. లెస్‌పాల్ మోడళ్లు చాలావరకు నాలుగు కిలోలు, ఆ పైనే తూగుతాయి. సాధన కూర్చునే చేయకు, రోజూ కొంతసేపు నిలబడు, స్టేజీ మీద నిలబడే కదా వాయించేది.

సౌండ్ గురించి నువ్వు అడగలేదు గానీ చెప్తాను. లెస్‌పాల్‌లో ఉండే హంబకర్లు రెండేసి కాయిల్స్ ఉన్న పికప్‌లు, ఆంప్‌కు ఎక్కువ సిగ్నల్ పంపుతాయి, కాబట్టి గెయిన్ తగ్గించు. కళ్యాణ మంటపాల్లో సీరియల్ లైట్లు, జనరేటర్ మధ్య నీ స్ట్రాట్ గుయ్‌మని ఉంటుంది చూడు, ఆ గోల చాలావరకు పోతుంది. ఆ ఒక్క సుఖం కోసమైనా ఈ గిటార్ ఉంచుకోవచ్చు అంటాను.

ప్రోగ్రాములకు ఇలా చెయ్యి. మొదటిదానికి పాత గిటారే తీసుకెళ్లు. రెండోదానికి రెండూ తీసుకెళ్లి, గుంజుళ్లు తక్కువున్న నాలుగు పాటలు కొత్తదాని మీద వాయించు.

ప్రశ్న: మాది తిరుచానూరు. ఆరేళ్లు వీణ నేర్చుకున్నాను. ఇప్పుడు ఎలక్ట్రిక్ గిటార్ మొదలుపెట్టాను. మెల్లగా వాయించినా స్వరాలన్నీ శ్రుతికి కొంచెం పైన పలుకుతున్నాయి. ట్యూనర్‌లో చూస్తే విడి తీగలు సరిగ్గానే ఉన్నాయి. తప్పు నాదా, గిటార్‌దా?

జవాబు: అమ్మా, ఎక్కువగా మీ వేళ్ల బలానిదే. వీణ మీద ఎత్తయిన మెట్ల మీద, బిగువైన తీగను గట్టిగా నొక్కి గమకం పలికించడానికి అలవాటైన చెయ్యి మీది. ఎలక్ట్రిక్ గిటార్ తీగలు సన్నవి, వదులు. ఫ్రెట్‌కు తగిలాక కూడా నొక్కుతూ పోతే తీగ ఫ్రెట్ల మధ్యకు దిగి శ్రుతి పైకి జరుగుతుంది. ఇలా చేసి చూడండి: వేలు తీగ మీద ఉట్టిగా ఆనించి మీటుతూ ఉండండి, టప్ టప్ అని మూగగా మోగుతుంది. ఆ మోత పోయి స్వరం తేటగా పలికే క్షణం దాకా మెల్లమెల్లగా బలం పెంచండి. అక్కడే ఆపండి. మీరు ఇంతకాలం నొక్కుతున్నదాంట్లో సగం బలం కూడా అక్కర్లేదని మీకే ఆశ్చర్యం వేస్తుంది. వేలు ఫ్రెట్‌కు ఆనుకుని వెనకగా ఉంచితే ఇంకా తక్కువ చాలు. అలా నొక్కినా తేడా ఉంటే అప్పుడు బ్రిడ్జ్ దగ్గర తీగ పొడవు సరిచేయించండి.

గమకం మాత్రం వదిలిపెట్టకండి, అది మీ ఆస్తి. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు జంట తీగల మాండలిన్‌ను పక్కనపెట్టి, ఒంటి తీగలు ఐదు ఉన్న ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించారు. మీరూ మీ చేతికి తగిన తీగల నంబరు వెతుక్కోండి, వీణ చెయ్యికి 10, 11 నంబర్లు బాగా కుదరొచ్చు.

ప్రశ్న: చిత్తూరు నుంచి. ఎండాకాలంలో బాగున్న నా గిటార్ అక్టోబరు వానలు మొదలవగానే తీగలు ఎత్తుగా, గట్టిగా అనిపిస్తాయి. నా భ్రమా?

జవాబు: భ్రమ కాదు. తేమకు చెక్క ఉబ్బి మెడ కొద్దిగా ముందుకు వంగుతుంది, తీగ లేస్తుంది. వానలు కుదురుకున్నాక, డిసెంబరు వెళ్లేలోపు ఒకసారి, మళ్లీ ఎండలు ముదిరాక ఒకసారి మెడ చూపించండి. ఎండలో ఆపిన కారు డిక్కీలో మాత్రం ఎప్పుడూ పెట్టకండి.