రాగి మందు కొట్టినా ద్రాక్షకు బూజు తెగులు ఆగడం లేదా?

తప్పు మందులో లేదు, కొట్టే సమయంలో ఉంది. ఫ్రాన్స్‌లోని లువార్ లోయలో మీ మస్కడే (తెల్ల వైన్ ద్రాక్ష) తోట సేంద్రియానికి మారి రెండో ఏడు, వాన వెలిసిన ప్రతిసారీ బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపిన రాగి మందు) కొడుతున్నా ఆకుల మీద ఈ తెగులు గుర్తులైన నూనె మచ్చలు వస్తున్నాయన్నారు. రాగి ఆకు పైనే ఉండి కాపాడుతుంది, లోపలికి వెళ్లదు. వానకు తెగులు ఆకులోకి దిగాక కొడితే లాభం లేదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

1. వానకు ముందే, ఆకులు పొడిగా ఉన్నప్పుడు కొట్టండి. ఆకు అడుగు భాగం తప్పకుండా తడవాలి.

2. సుమారు 20 మిల్లీమీటర్ల వాన పడితే మందు పొర కడుక్కుపోయినట్టే. కొత్త చిగుళ్లకైతే అసలు పొరే ఉండదు. తర్వాతి వానకు ముందు మళ్లీ కొట్టాలి.

3. మోతాదు తగ్గించి, ఎక్కువసార్లు కొట్టండి. యూరోపియన్ యూనియన్ పరిమితి ఏడేళ్లకు హెక్టారుకు 28 కిలోలు. అది లోహపు రాగి లెక్క: 20 శాతం రాగి ఉన్న పొడి కిలో వాడితే 200 గ్రాములే. డబ్బా మీది పరిమితి కూడా చూసుకోండి.

4. మొదలు దగ్గరి పిలకలు తీసేయండి. నేల నుంచి తెగులు ముందు వాటికే అంటుకుంటుంది.

పూత దశలో మాత్రం ఒక్క వాన కూడా వదలొద్దు. గుత్తికి పాకితే ఆ ఏటి పంట దక్కదు.